14 పేజీల్లో 47 ఆల్సోలు

ఆఫీసులో మొదటిసారి ఒక పెద్ద రిపోర్టు నా పేరు మీద తయారైంది. మా కొత్త ఆన్‌లైన్ ఫారం వాడినవాళ్ళు ఏమన్నారు, ఎక్కడ ఇబ్బంది పడ్డారు, ఏం మార్చాలి అన్నది విషయం. 14 పేజీలు. అంతకుముందు ఇంగ్లీషులో నేను రాసినవల్లా మెయిల్సు, మీటింగ్ నోట్సు. మా దగ్గర ఎవరు ఏం రాసినా బయటికి వెళ్ళేముందు ఒక సీనియర్ మేడమ్ చూస్తారు. రెండు రోజుల తర్వాత ఫైలు తిరిగొచ్చింది. తెరిస్తే తప్పులని కొట్టేసినవి పెద్దగా లేవు కానీ పేజీ పేజీకీ పసుపు మచ్చలు. ‘ఆల్సో’ అన్న మాట ఎక్కడుంటే అక్కడ హైలైట్ చేసిపెట్టారు. చివర ఒక్క వాక్యం: ‘ఈ మాట ఎన్నిసార్లు వచ్చిందో ఫైండ్‌లో వేసి మీరే చూసుకోండి.’

వేశాను. 47.

నిజం చెప్పాలంటే నాకు సిగ్గు కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. రాసేటప్పుడు ఒక్కటి కూడా కంటికి ఆనలేదు. ఒక వాక్యం అయిపోగానే ఇంకోటి చెప్పాలి, మధ్యలో ఏదో ఒక అతుకు ఉండాలి, చేతికి అందింది ఇదే. అంతే.

మొదట నేను చేసిన పని ఎవరైనా చేసేదే. మాట మీద రైట్ క్లిక్ కొట్టి, కింద పడిన లిస్టులోంచి ఒక్కోచోట ఒక్కోటి ఏరి పెట్టాను. ఇక్కడ మోర్‌ఓవర్, అక్కడ ఫర్దర్‌మోర్, కాస్త కిందికి వెళ్ళాక ఇన్ అడిషన్, ఎక్కడైనా మొహం మొత్తితే బిసైడ్స్. గంటలో పని అయిపోయింది. 47 కాస్తా 6కి దిగింది. చాలా గొప్పగా అనిపించి అదే సాయంత్రం పంపేశాను.

మర్నాడు మేడమ్ పిలిచి, ఒక పేరా పైకి చదివారు. ‘ద ఫారం ఓపెన్స్ ఆన్ ఎ ఫోన్. మోర్‌ఓవర్, ద బటన్ ఈజ్ గ్రీన్.’ ఆ మోర్‌ఓవర్ దగ్గర గొంతు పెంచి, వేలు పైకెత్తి, కోర్టులో ప్లీడరు వాదించినట్టు చదివారు. చదివి, “బటన్ ఆకుపచ్చగా ఉండటం అంత పెద్ద నేరమాండీ?” అన్నారు. నాకూ నవ్వు ఆగలేదు.

“లిస్టులో పక్కపక్కనే ఉన్నాయి కదా అని ఒకదాని బదులు ఒకటి పెడితే ఎలా? అన్నిటికీ అర్థం ఒకటే అయితే ఇన్ని మాటలు ఎందుకు బతికుంటాయి?” అన్నారు. తర్వాత ఒక వాక్యం మీద వేలు పెట్టి, దీన్ని తెలుగులో చెప్పమన్నారు.

ఆ వాక్యం ఇది: ‘యూజర్స్ ఆల్సో రిపోర్టెడ్ ద ఎర్రర్ టు ద హెల్ప్ డెస్క్.’

చాలా తేలిక అనుకుని నోరు తెరిచి, ఆగిపోయాను. ‘యూజర్లు కూడా ఎర్రర్ సంగతి హెల్ప్ డెస్క్‌కి చెప్పారు’ అనాలా? అలా అంటే అంతకుముందే టెస్టర్లో మరెవరో చెప్పారని. ‘యూజర్లు ఎర్రర్ సంగతి కూడా హెల్ప్ డెస్క్‌కి చెప్పారు’ అంటే వేరే ఫిర్యాదులతో పాటు ఇది కూడా అని. ‘హెల్ప్ డెస్క్‌కి కూడా చెప్పారు’ అంటే ఇంకెవరికో చెప్పి అక్కడా చెప్పారని. ‘చెప్పారు కూడా’ అంటే చూసి ఊరుకోలేదని. తెలుగులో ‘కూడా’ అన్నది దేనికి చెందితే దాని వెనకే నిలబడుతుంది. దాన్ని ఒక్క అడుగు జరిపితే అర్థం మారిపోతుంది. ఇంగ్లీషు ఆల్సోకి అలాంటి పట్టింపు లేదు. అది తన చోట తాను కూర్చుంటుంది, ఎవరి తరఫున వచ్చిందో చెప్పదు. మాట్లాడేటప్పుడైతే గొంతు సాయం చేస్తుంది, యూజర్స్ మీద నొక్కితే ఒక అర్థం, హెల్ప్ డెస్క్ మీద నొక్కితే ఇంకొకటి. కాగితానికి గొంతు లేదు.

“మీరు చెప్పాలనుకున్నది ఏది?” అని అడిగారు. నాకు తెలియదు. రాసింది నేనే, నాకే తెలియదు. ఆ ఒక్క ప్రశ్నకి నేను నీళ్ళు నమలడంతోటే నా పాఠం మొదలైంది.

తర్వాతి రెండు వారాలు రోజూ ఒక అరగంట ఆ రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను. పద్ధతి ఒకటే. మొదట ఆల్సో ఉన్న ప్రతి చోటా ఆగి, వాక్యం తెలుగులో చెప్పుకుని, ‘కూడా’ ఎక్కడ పడిందో చూసుకోవడం. పడిన చోటుని బట్టి ఇంగ్లీషు మాట వెతుక్కోవడం. చెందాల్సింది వాక్యం చివర్లో ఉంటే ‘టు ద హెల్ప్ డెస్క్ యాజ్ వెల్’ అని చివర తగిలిస్తే సందేహం తగ్గుతుంది. కర్తకి చెందితే ‘యూజర్స్, టూ,’ అని దాని పక్కనే పెట్టుకోవచ్చు. ఇది కాస్త పుస్తకాల భాషలా ఉంటుంది, రిపోర్టులో నడుస్తుంది, మాటల్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. మాటల్లో ఎవరైనా టూనీ వాక్యం చివరికే నెడతారు. క్రియకి చెందితే మాత్రం ఆల్సో మధ్యలోనే బాగుంటుంది, అసలు దాని సొంత చోటు అదే.

ఆ సొంత చోటు సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. మామూలు క్రియ అయితే దానికి ముందు: ‘షి ఆల్సో రైట్స్.’ ఈజ్, ఆర్, వాజ్ లాంటివైతే వాటి తర్వాత: ‘షి ఈజ్ ఆల్సో ఎ రైటర్.’ సాయం చేసే క్రియలు రెండు మూడు వరసగా ఉంటే మొదటిదాని తర్వాత: ‘షి హాజ్ ఆల్సో బీన్ ఇన్వైటెడ్.’ నేను రాసినవాటిలో కొన్ని ‘హి కేమ్ ఆల్సో’ తరహాలో చివర్న వేలాడుతున్నాయి. అది పూర్తిగా తప్పని కాదు. చివరి చోటు టూకీ, యాజ్ వెల్‌కీ అలవాటైన చోటు, ఆల్సో అక్కడ కూర్చుంటే చుట్టం వచ్చి ఇంటాయన కుర్చీలో కూర్చున్నట్టుంటుంది. ఇంకొన్ని వాక్యం మొదట్లో కామాతో: ‘ఆల్సో, ...’ అని. మెయిల్లో, కబుర్లలో ఫరవాలేదు. రిపోర్టులో పేరా తర్వాత పేరా అలాగే మొదలైతే, గుర్తొచ్చినవన్నీ గుర్తొచ్చిన వరసలో చెబుతున్నట్టు ఉంటుంది. నా రిపోర్టు నిజంగా అలాగే తయారైంది కాబట్టి ఆ మాట అబద్ధం ఆడలేదు.

టూతో ఇంకో చిక్కుంది. అదే మాటకి ‘మరీ ఎక్కువ’ అన్న అర్థం కూడా ఉందిగా. ‘ద ఫారం ఈజ్ లాంగ్ టూ’ అని రాస్తే, అన్నిటితో పాటు ఫారం కూడా పొడుగే అని. ‘టూ లాంగ్’ అంటే భరించలేనంత పొడుగని. తొందరలో చదివేవాళ్ళు ఒకదాన్ని ఇంకొకటిగా తీసుకోవడం ఎంతసేపు! విశేషణం పక్కన టూ పెట్టాల్సి వస్తే అప్పటినుంచి నేను దాన్ని తప్పించి యాజ్ వెల్ వాడుతున్నాను.

నన్ను బాగా ఇబ్బంది పెట్టినవి ‘లేదు’, ‘కాదు’ ఉన్న వాక్యాలు. తెలుగులో అవునన్నా కాదన్నా ఆ ‘కూడా’ మారదు. ‘నాకూ తెలుసు, నాకూ తెలియదు’ అని ఒకే దీర్ఘంతో రెండు పనులూ చేసేస్తాం. అందుకే ఇన్నేళ్ళూ ‘ఐ ఆల్సో డోంట్ నో’ అంటూ వచ్చాను, చుట్టూ ఉన్నవాళ్ళూ అలాగే అంటారు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఇంగ్లీషు ఇక్కడ మాట మార్చేస్తుంది: ‘ఐ డోంట్ నో ఈదర్.’ ఆల్సో, టూ, యాజ్ వెల్ మూడింటికీ కాదన్న చోట మామూలుగా ఈదరే బదులు నిలబడుతుంది. ఎవరైనా ‘ఐ డిడ్న్ట్ లైక్ ఇట్’ అంటే మనం ‘మీ టూ’ అనేస్తాం. అక్కడ రావాల్సింది ‘మీ నైదర్’, కాస్త మర్యాదగా అయితే ‘నైదర్ డిడ్ ఐ’. ఇది కంటితో నేర్చుకుంటే వచ్చేది కాదు, నోటికి పట్టాలి. ఇప్పటికీ ఫోనులో తొందరగా మాట్లాడేటప్పుడు నా నోట పాతదే వస్తుంది.

ఇంకో రకం తప్పు నాది అని తెలిశాక కాసేపు తల పట్టుకున్నాను. ‘మొదటిసారి వాడేవాళ్ళకి కూడా ఈ ఫారం అర్థమవుతుంది’ అన్నది నా మనసులో మాట. నేను రాసింది: ‘ఫస్ట్-టైమ్ యూజర్స్ ఆల్సో అండర్‌స్టాండ్ ద ఫారం.’ మేడమ్ ఆల్సో కొట్టేసి ముందు ఈవెన్ పెట్టారు. నిజమే. ఆ కూడాలో ఉన్నది కూడిక కాదు, ‘వాళ్ళకి అర్థం కాదనుకుంటాం కదా, వాళ్ళకే అయింది’ అన్న ఆశ్చర్యం. ‘ఒక్క మాట కూడా అనలేదు’ అన్నప్పుడూ అదే. ఆ పనికి ఇంగ్లీషులో ఈవెన్ ఉంది, ఆల్సో ఆ బరువు మోయదు. నా 47లో అయిదారు ఇలాంటివే. మన ‘కూడా’ ఎన్ని పనులు చేస్తోందో అప్పటిదాకా నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ‘నా కూడా రా’ అంటే తోడు రమ్మని. ‘వర్షం పడినా కూడా వచ్చాడు’ అంటే ఆగలేదని. దాన్ని పట్టుకెళ్ళి ప్రతిచోటా ఆల్సోగా దింపడం నా బుద్ధితక్కువ, ఇంగ్లీషు తప్పు కాదు.

ఇక ఆ పెద్ద మాటల సంగతి. మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్, బిసైడ్స్. నిఘంటువులో చూస్తే మూడింటికీ ‘అంతేకాక, పైగా’ అని ఉంటుంది, దాంతో మనకి ఒరిగేది ఏమీ లేదు. నాకు వీటి తేడా తెలిసింది మేడమ్ చెప్పిన ఒక చిన్న మాటతో: “ఇవి వస్తువుల్ని కలపవు, కారణాల్ని కలుపుతాయి.” బటన్ రంగు కారణం కాదు కాబట్టే ఆ మోర్‌ఓవర్ నవ్వులపాలైంది. ‘పాత ఫారంలో తప్పులు ఎక్కువ వస్తున్నాయి. మోర్‌ఓవర్, వాటిని దిద్దడానికి నెల పడుతోంది’ అంటే సరిపోయింది. రెండూ ఒకే వాదనకి బలం, రెండోది ఇంకాస్త బరువైనది. ఫర్దర్‌మోర్ కూడా ఆ కుటుంబమే, మెట్టు మీద మెట్టు ఎక్కుతున్నప్పుడు వాడతారు, కానీ రెండూ ఒకే పేరాలో కనిపిస్తే నాకు ఇప్పుడు పంటికింద రాయిలా తగులుతుంది. మాటల్లో వీటిని ఎవరూ పెద్దగా అనరు. ఊరికే లెక్క పెంచడానికైతే, అంటే ముగ్గురు డిజైనర్లున్నారు, ఇద్దరు టెస్టర్లూ ఉన్నారు అని చెప్పడానికి, ఆల్సోనో ఇన్ అడిషనో చాలు.

బిసైడ్స్ మాత్రం వేరే జాతి. దాన్ని నేను ‘పైగా’ అనుకుని వాడాను. చాలా రోజుల తర్వాత తట్టింది, అది మన ‘అయినా’కి దగ్గరి చుట్టం అని. ‘నేను రాను, ఒంట్లో బాగోలేదు. అయినా అక్కడ నాకేం పని?’ అంటాం చూడండి, ఆ అయినా. మొదటి కారణమే చాలు, ఇక వాదించకు, ఇదిగో ఇంకోటి కూడా పట్టుకో అన్నట్టు. అందులో ఒక రకమైన తోసేయడం ఉంది. ఆ సంగతి తెలియక ఒకసారి ఒక మీటింగ్‌కి రాలేనని మెయిల్ పెడుతూ, ‘ఆ టైముకి ఇంకో కాల్ ఉంది. బిసైడ్స్, ఈ టాపిక్ నాది కాదు’ అని రాశాను. నా మనసులో అది వినయం. అవతల చదివినవాళ్ళకి అది ‘నాకేం పట్టింది’. రెండు రోజులు ముభావంగా ఉన్నారు, ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇప్పుడైతే అర్థమవుతోంది.

అందులోంచి చివరి ఎస్ ఎగిరిపోతే ఇంకో తమాషా. బిసైడ్ అంటే పక్కన. ‘మేనేజర్ కాక ఇంకో ఇద్దరు సంతకం పెట్టారు’ అని చెప్పబోయి బిసైడ్ అని రాశాను. ఇద్దరూ ఆయన కుర్చీ పక్కన నిలబడి సంతకాలు చేస్తున్న బొమ్మ తయారైంది.

ఈ పెద్ద మాటలకి ముందు నేను కామాలు పెట్టుకుంటూ పోవడం ఇంకో తప్పు. ‘రాలేదు, పైగా ఫోనైనా చేయలేదు’ అని తెలుగులో కామాతో సాఫీగా సాగిపోతుంది. ఇంగ్లీషులో మోర్‌ఓవర్ క్రియావిశేషణమే, యాండ్ లాగా రెండు వాక్యాల్ని ముడివేసే శక్తి దానికి లేదు. దాని ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో పడాలి, తర్వాత కామా. ఇలాంటివి 11 దిద్దాను.

యాజ్ వెల్ యాజ్ దగ్గర మాత్రం నేను పూర్తిగా బోల్తా కొట్టాను. అది యాండ్‌కి ఇంకో పేరు అనుకున్నాను. ‘హి స్పీక్స్ ఫ్రెంచ్ యాజ్ వెల్ యాజ్ ఇంగ్లీష్’ అంటే ఇంగ్లీషు వచ్చన్నది అందరికీ తెలిసిందే, కొత్త సంగతి ఫ్రెంచి. మన భాషలో వరస తిరగబడుతుంది: ఇంగ్లీషే కాదు, ఫ్రెంచి కూడా వచ్చు. మనం తెలిసింది ముందు చెప్పి కొత్తది వెనక చెబుతాం, వాళ్ళు కొత్తది ముందు పెట్టి తెలిసింది వెనక తగిలిస్తారు. నేను తెలుగు వరసలోనే రాసుకుంటూ పోయాను కాబట్టి, చెప్పాల్సిన కొత్త సంగతులన్నీ వెనక బెంచీల్లో కూర్చున్నాయి. క్రియ కూడా ముందున్న దాన్ని బట్టే నడుస్తుంది, ‘ద మేనేజర్, యాజ్ వెల్ యాజ్ ద టెస్టర్స్, వాజ్ ప్రెజెంట్’ అనే అనాలి, వర్ అనకూడదు. చెవికి నాకు ఇప్పటికీ ఇది కాస్త గిలిగింతగానే ఉంటుంది. అందుకని చాలాచోట్ల యాండ్ పెట్టేసి బయటపడ్డాను.

మధ్యలో పని మానేసి ఈ మాటల పుట్టుక వెతుక్కుంటూ కూర్చున్న రోజులూ ఉన్నాయి. ఆల్సో అంటే పాత ఇంగ్లీషులో ‘అంతా అలాగే’, ఆల్, సో కలిసిన మాట. అదే అరిగి అరిగి యాజ్ అయింది. అంటే ఆల్సో, యాజ్ ఒక తల్లి పిల్లలే. టూ అయితే టు అన్న చిన్న మాటే, దాన్ని నొక్కి పలికేచోట ఇంకో ఓ తగిలించి రాయడం 16వ శతాబ్దంలో మొదలైంది. వీటికన్నా ముందు ‘కూడా’ అన్న పనికి ఈక్ అనే మాట ఉండేది. అది పోయింది కానీ ఒక్కచోట దాక్కుంది. అసలు పేరు కాక ఇంకో పేరుని ఈక్‌నేమ్ అనేవారు. ‘యాన్ ఈక్‌నేమ్’ అనేటప్పుడు ముందున్న యాన్‌లోని న కారం దీనికి అతుక్కుని నీక్‌నేమ్ అయింది, అదే ఇప్పటి నిక్‌నేమ్. ఈ సంగతి రిపోర్టుకి పనికిరాదని తెలుసు, ఆ మధ్యాహ్నం అంతా దాంతోనే గడిచింది.

ఇన్ని చేశాక కూడా దిద్దుబాటులో ఎక్కువ భాగం మాట మార్చడం కాదు, మాట తీసేయడం. ఆల్సో తీసి చదివితే, 20కి పైగా చోట్ల వాక్యానికి ఏమీ కాలేదు. ఒక పేరాలో నాలుగు వాక్యాలూ ఫోనులో వచ్చే ఇబ్బందుల గురించే అయితే, ప్రతిసారీ ‘ఇది కూడా, ఇది కూడా’ అని చేయి పట్టుకుని నడిపించక్కర్లేదు, చదివేవాళ్ళకి తెలుస్తుంది. కొన్నిచోట్ల తీసేస్తే రెండు వాక్యాలూ విడిపోయాయి. అక్కడ అసలు సంబంధమే లేదన్నమాట, ఆల్సో ఇన్నాళ్ళూ గుడ్డ కప్పి దాచింది. అలాంటివి వేరే పేరాలకి వెళ్ళిపోయాయి, రెండు మూడైతే రిపోర్టులోంచే పోయాయి. 14 పేజీలు 12 అయ్యాయి.

మూడోసారి పంపినప్పుడు ఆల్సోలు 9, యాజ్ వెల్ 4, ఈదర్ 3, మోర్‌ఓవర్ ఒక్కటి. మేడమ్ ఒకే ఒక్క ఆల్సో చుట్టూ గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపారు. 8వ పేజీ, ‘వి ఆల్సో టెస్టెడ్ ద ఫారం ఆన్ ఓల్డర్ ఫోన్స్.’ తెలుగులో చెప్పుకున్నాను. మేము కూడానా? ఫారం కూడానా? పాత ఫోన్ల మీద కూడా. ఆల్సో తీసి చివర యాజ్ వెల్ పెట్టి పంపాను. సాయంత్రానికి ‘ఓకే’ అని వచ్చింది.